హెచ్ కొడితే వచ్చేది

స్టోనీ కోవ్,
డిసెంబరు, బుధవారం.

ప్రియమైన ఇనా వదినకు,

వెర్నా రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి కదా, మొదలుపెట్టాననుకో. ఇంటి కప్పు కారడం లేదు, పొయ్యి బాగానే మండుతోంది, మీ అన్న మూడు పూటలా తింటున్నాడు. హామిల్టన్‌లో నువ్వూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. చల్లగా అంటే మంచు సంగతి కాదు, అది ఎలాగూ ఉంటుంది.

ఫోన్ చెయ్యకుండా ఈ కాగితాలు గీకడం ఏమిటే, మా నాయనమ్మలాగా, అని కిందటి ఉత్తరంలో ఎద్దేవా చేశావు. ఏం చెయ్యను? ఫోను వంటింట్లో ఉంది, మీ అన్న కుర్చీ కూడా వంటింట్లోనే ఉంది. ఆయనకు మాట పోయింది గానీ చెవులు పోలేదు. నేను ఎవరితో ఏం మాట్లాడినా తల తిప్పకుండానే అంతా వింటాడు. పోనీ కంప్యూటర్లో రాద్దామంటే పొద్దస్తమానం దాని ముందే ఆయన ఆసనం. అందుకని నర్సు కోలీన్ వచ్చి ఆయనకు స్నానం చేయించే వేళ కోఆపరేటివ్ కొట్టు ముందు కారు ఆపుకుని, హీటరు వేసుకుని, ఒళ్ళో రొట్టెలు కాల్చే పళ్ళెం పెట్టుకుని రాస్తున్నాను. కారులోంచి సెల్లులో మాట్లాడొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు నా మాట సగంలోనే అందుకుంటావు వదినా. బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ నీకా అలవాటుంది. ఈసారి నా మాట నేనే పూర్తి చెయ్యాలి.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. క్యాబేజీ పులియబెట్టిన జాడీ ఈ ఏడు బాగా కుదిరింది, నీకో డబ్బా తీసి ఉంచాను. ఊరేసిన హెర్రింగ్ చేప ముక్కలు మీ అన్న ఇప్పటికీ ఉల్లిపాయతోనే తింటాడు, డాక్టరు ఉప్పు వద్దన్న సంగతి మాత్రం చెవిన వేసుకోడు. నా భుజం నొప్పి ఎలా ఉందంటే, ఉంది. ఇక నేనంటే గుర్తుందా వాడికి అని అడిగావు చూడు, ఆ ముక్క చదివి నాకు ఒళ్ళు మండింది. గుర్తు లేకపోవడమేమిటి! వారానికి ఒకసారైనా ఎఫ్ కొడతాడు. నువ్వు మనవల ఫొటోలు పెట్టే చోటు తెరుచుకుంటుంది. నీ ముఖం మీద వేలు పెట్టి నావైపు చూసి "సరే?" అంటాడు. ఇనా నుంచి కబురేమైనా వచ్చిందా అని దానికి అర్థం.

ఈ ఎఫ్ ఏమిటో, సరే ఏమిటో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదనుకుంటా. పక్షవాతం తర్వాత ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటే. టీ కావాలన్నా సరే, టీ చల్లారిపోయిందన్నా సరే, పక్కింటి మర్డాక్‌ని తిట్టాలన్నా సరే. గొంతును బట్టి నేను పోల్చుకుంటాను. చదవడం కూడా పోయింది, రెండక్షరాలు కలిపి రాయలేడు. ఎడమచేతి చూపుడువేలికి మాత్రం ఏ మీట ఎక్కడుందో గుర్తుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఒక పొద్దున కంప్యూటరు ముందు కూర్చుని, పైన అడ్రసు రాసే గడిలో ఎం అని కొట్టాడు. మిగతాదంతా అదే రాసేసింది. ఎంటర్ కొట్టాడు, సముద్రపు గాలి వార్త వచ్చేసింది! ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం ఆయన మొదట వెళ్ళేది అక్కడికే కదా, దానికి తెలిసిపోయింది. ఆ రోజు ఆయన నా చెయ్యి పట్టుకుని ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. సగం మాట అంటే చాలు, తక్కిన సగం పూర్తిచేసే మనిషి దొరికినట్టే అయింది ఆయనకు.

అప్పటి నుంచీ మా ఇంట్లో మాటలంటే అవే. ఎం కొడితే గాలి. ఎన్ కొడితే హాకీ. ఓ కొడితే మన జిల్లా చావు కబుర్లు, పొద్దున్న కాఫీతోపాటు అవి చూడకపోతే మనవాళ్ళకు తెల్లారదు కదా. హెచ్ కొడితే రేవు కెమెరా. రేవు చివర స్తంభానికి కట్టిన ఆ కెమెరాలో వచ్చే పడవ, పోయే పడవ అన్నీ కనిపిస్తాయి. ఆయన పడవ డేల్‌కి అమ్మేశాం గానీ, డేల్ పేరు మార్చలేదు, మారిస్తే అరిష్టమని. ఇప్పటికీ దాని నుదుటిమీద మిస్ వెర్నా అనే ఉంది. లాబ్‌స్టర్ వేట సాగినన్నాళ్ళూ అది రేవు దాటేదాకా చూసి, తిరిగి వచ్చేదాకా మళ్ళీ చూసి, అప్పుడు గానీ పక్క ఎక్కడు.

నీ ఉత్తరం చివర గీత గీసి మరీ రాసిన మాటకు ఇంకా జవాబివ్వలేదు, గమనించే ఉంటావు. "ఏం జరిగినా అన్నయ్యని హార్బర్ రెస్ట్ వృద్ధాశ్రమంలో చేర్చనని మాటివ్వు. అమ్మ అక్కడ ఇంటికి తీసుకుపొమ్మని ఏడ్చి ఏడ్చి పోయింది" అన్నావు. దానికే వస్తున్నాను. కాస్త ఓపిక పట్టు.

వేట మొదలుపెడుతూ లాబ్‌స్టర్ బోనులు సముద్రంలో దింపే రోజు ఈసారి గాలివల్ల వాయిదా పడి మంగళవారం జరిగింది. చీకటి ఉండగానే ఊరంతా రేవుకు వెళ్ళింది. ఆ చలిలో మీ అన్నను తీసుకెళ్ళే దారి లేదు, కిందటేడులాగే కెమెరాలో చూద్దామనుకున్నాం. కొత్త చొక్కా వేయించుకున్నాడు. నేను పొయ్యి దగ్గర టీ పోస్తూ, "హెచ్ కొట్టు ఆబ్రీ, కదిలిపోతారు" అన్నాను. నేనే అన్నాను, నా నోటితో.

"సరే?" అన్నాడు. గొంతులో ఏదో తేడా ఉంది. తల తిప్పి చూస్తే తెరమీద బుట్టబొమ్మలా అలంకరించిన ఒక ముసలావిడ, చేతిలో బెలూను, వెనకాల తెల్ల వరండా. హార్బర్ రెస్ట్.

వేలు జారిందనుకున్నాడు పాపం. వెనక్కి పోయి మళ్ళీ హెచ్ కొట్టాడు. మళ్ళీ అదే ముసలావిడ. మళ్ళీ కొట్టాడు. "సరే, సరే, సరే!" బల్లమీద గుద్దుతున్నాడు. పరుగెత్తి, "ఉండు, నేను కొడతా, నేను కొడతా" అని మీటలు లాక్కున్నాను. తీరా చూస్తే ఆ కెమెరా అడ్రసు నాకూ రాదు! ఎప్పుడూ ఒక్క హెచ్ కొట్టి బతికేశాం కదా ఇద్దరం. హార్బర్ తర్వాత చుక్కా, గీతా, ఊరి పేరా? మన తీరంలో కొట్టుకూ హార్బరే, చర్చి హాలుకూ హార్బరే, అంత్యక్రియలు చేసేవాడికీ హార్బరే. ఏదో కొడితే ఎక్కడో పడవలమ్మే దుకాణం తెరుచుకుంది. ఇంకేదో కొడితే అసలు ఏమీ తెరుచుకోలేదు. ఈలోగా రేవు వైపు నుంచి పడవల కూతలు వినపడుతున్నాయి, ఒకదాని వెంట ఒకటి. ఆయన కిటికీ వైపు చూస్తాడు, తెర వైపు చూస్తాడు. కిటికీలోంచి కనిపించేది మర్డాక్ గ్యారేజీ గోడ.

చచ్చీ చెడీ కెమెరా తెరిచేసరికి రేవు ఖాళీ. తాడు చుట్ట ఒకటి, సముద్రపు కాకులు, కార్ల వైపు నడిచిపోతున్న జనం వీపులు. మిస్ వెర్నా వెళ్ళిపోయింది. ఏడాదికి ఒక్క పొద్దు వదినా, ఆయన ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఒక్క పొద్దు కోసమే.

అప్పుడాయన తెర చూడ్డం మానేసి నన్ను చూశాడు. పిచ్చివాడు కాదు కదా. చదవలేకపోతేనేం, ఆ వరండా ఆయనకు తెలియదా? మీ అమ్మ చక్రాల కుర్చీని ఎన్ని ఆదివారాలు తోశాడు దానిమీద!

ఏమైందో నాకు అప్పుడే తట్టింది. ఎండాకాలమంతా వేట ఉండదు, రేవు ఖాళీ, అందుకని ఆయన హెచ్ జోలికే పోలేదు. పోయింది నేను. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడల్లా హార్బర్ రెస్ట్ పేజీ తెరిచి చూసేదాన్ని. కొందరు ఎండ దేశాల హోటళ్ళు చూసుకుంటారే, అలా. ఈ వారం అక్కడ భోజనంలో ఏముంది, స్నానాల గది గోడలకు పట్టుకునే కడ్డీలు ఎన్ని వైపులున్నాయి, మనిషిని లేపి మంచమెక్కించే యంత్రం ఎలా ఉంటుంది. మొదట్లో పేరంతా కొట్టేదాన్ని. తర్వాత్తర్వాత సగం కొడితే వచ్చేసేది. ఎంత సుఖంగా ఉందో అనుకున్నాను గానీ, అది నన్ను లెక్కపెట్టుకుంటోందని నాకేం తెలుసు? ఆయన అక్షరాన్ని ఆయనకు తెలియకుండా నేను లాగేసుకున్నాను. పైగా పాపం ఆయన ఆ పొద్దున కొట్టిన కొద్దీ అది ఇంకా గట్టిపడుతూ పోయింది.

మర్డాక్‌ని పిలిచాను. పోస్టాఫీసులో కంప్యూటర్లతో వేగిన మనిషి కదా. బల్లమీది కేకు ముక్క నోట్లో వేసుకుని, "అది కుక్కలాంటిది వెర్నా. నువ్వు అన్నం పెట్టిన గుమ్మానికే పోతుంది" అన్నాడు.

"కుక్క సంగతి తర్వాత. బాగుచెయ్యి."

"అది గుర్తుపెట్టుకున్న చరిత్ర మొత్తం చెరిపేస్తే సరి. ఒక్క నొక్కు."

"మొత్తమంటే?"

"మొత్తమంటే మొత్తమే. గాలీ, హాకీ, చావులూ, అన్నీ."

"అప్పుడు ఈయన ఎం కొడితే?"

"ఎం అని ఉంటుంది. అంతే."

మీ అన్న "సరే!" అని అరిచాడు. ఆ సరేకి అర్థం మర్డాక్‌కి కూడా తెలిసింది, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. "ఒక్కదాన్నే పీకేసే కిటుకేదో ఉంటుంది గానీ నాకు చాతకాదు. నా మాట విని కెమెరాకి అన్నం పెట్టు. రోజూ పెట్టు. దానంతటదే తిరిగొస్తుంది" అని కేకు ఇంకో ముక్క పట్టుకుపోయాడు.

సరేనని ఆయన కునుకు వేళల్లో కూర్చుని రేవు కెమెరా తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. గడిలో హెచ్ కొడితే కింద రెండు వరుసలు కనిపిస్తాయి, పైన ఆ ముసలావిడ ఇల్లు, కింద రేవు. బాణం మీటతో కిందికి దిగి ఎంటర్. దిగి ఎంటర్. వేళ్ళు పీకేవి. వారాంతానికల్లా రేవు పైకొచ్చింది. సోమవారం ఆయన హెచ్ కొడితే పడవలు కనిపించాయి. నావైపు చూసి "సరే" అన్నాడు, మెత్తగానే. గండం గడిచింది, మరచిపోయాడు అనుకుని నేను ఏడుపు ఆపుకోలేక పిండి డబ్బా వెతికే మిషమీద కొట్టుగదిలోకి పోయాను.

ఇప్పుడు నీ దగ్గర దాచింది చెప్తాను. తిట్టడానికి తర్వాత నీకు చాలా టైముంది.

అక్టోబరులో ఆయన స్నానాల గదిలో పడ్డాడు. లేపబోయి నా భుజం పట్టేసి నేనూ పక్కనే పడ్డాను. ఇద్దరం లేవలేకపోయాం. ఆ రోజు కోలీన్ వచ్చేదాకా ఆ చల్లటి నేలమీద ఒకే తువ్వాలు కప్పుకుని పడుకున్నాం. ఆయన నా తల నిమురుతూ "సరే, సరే" అంటూనే ఉన్నాడు. కోలీన్ మమ్మల్ని లేపి, టీ ఇచ్చి, "ఆంటీ, ఇలా అయితే ఒకరోజు నేను వచ్చేసరికి ఇద్దరూ ఉండరు. హార్బర్ రెస్ట్‌లో పేరు రాయించండి. రాయిస్తే పోవాలని కాదు, పిలుపు రావడానికి ఏళ్ళు పడుతుంది" అంది. ఆ మధ్యాహ్నమే రాయించాను. ఆయన్ని అడగలేదు. నిన్నూ అడగలేదు. అడిగితే నువ్వేమంటావో నాకు తెలుసు, అది విన్నాక కూడా ఆయన్ని ఒక్కదాన్నే ఎత్తాలి కదా.

ఏళ్ళు పట్టలేదు. నిన్న ఫోను మోగింది. పొద్దున్నే ఓ కొట్టి ఇద్దరం సెసిల్ హిమల్‌మన్ పోయిన కబురు చూశాం. ఫోను చేసింది హార్బర్ రెస్ట్ ఆవిడ, ఖాళీ అయింది సెసిల్ గదే. "మిసెస్ కార్కమ్, ఇప్పుడే చెప్పాలండీ, మీ వెనక చాలామంది ఉన్నారు. ఒప్పుకుంటే వచ్చే సోమవారం తీసుకురావచ్చు" అంది. మీ అన్న నాకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. కాస్త ఆగమని బతిమాలి ఆయన్ని అడగొచ్చు. అడగలేదు వదినా. ఆవిడ ఏదో చెప్తూంటే నేను "సరే" అన్నాను. ఇంకేదో చెప్తే మళ్ళీ "సరే". "సరే, సరే" అని ఫోను పెట్టేశాను.

ఆయన నవ్వాడు. పక్షవాతం వచ్చిన తర్వాత అంత గట్టిగా నవ్వడం ఇదే మొదలు. ఆయన ఒక్క మాట నా నోట్లో విని నవ్వాడో, ఎందుకు నవ్వాడో. తర్వాత తెర వైపు తిరిగి హెచ్ కొట్టాడు. గడిలో రేవు అడ్రసు పూర్తయి సిద్ధంగా ఉంది. ఎంటర్ కొట్టలేదు. వేలు జరిపి బాణం మీట వెతికి, రెండో వరుసకు దిగి, అప్పుడు ఎంటర్ కొట్టాడు. ఆ వరండా వచ్చింది. బాణం మీట ఆయన ఇంతకుముందు ఎన్నడూ ముట్టలేదు. అంటే నేను ఆ కునుకు వేళల్లో కూర్చుని రేవును పైకి తెస్తూంటే, ఈయన నిద్రపోలేదన్నమాట!

నేను నేలమీద కూలబడి ఆయన మోకాలు పట్టుకున్నాను. "వెళ్తావా ఆబ్రీ? వద్దంటే చెప్పు, ఇప్పుడే ఫోన్ చేసి కాదంటా. నీ మీద ఒట్టు."

"సరే" అన్నాడు.

"సరే అంటే వెళ్తాననా, వద్దనా?"

"సరే."

ఇన్నాళ్ళుగా ఆయన ప్రతి సరే నాకు తెలుసు. ఆకలి సరే, నొప్పి సరే, నోర్ముయ్యవే సరే. ఇది తెలియడం లేదు. వెళ్తానన్నాడో, నన్ను పంపించేస్తున్నావా అన్నాడో, నువ్వు అలిసిపోయావులే అన్నాడో. ఆ తర్వాత మూడు నాలుగుసార్లు అడిగాను, అదే గొంతు. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఆయన్ని విన్నదానివి. రా వదినా. ఈ ఉత్తరం శుక్రవారానికల్లా చేరే స్పీడు పోస్టులో వేస్తున్నాను, సోమవారం లోపల వచ్చి ఒక్కసారి విని చెప్పు. వద్దు అంటున్నాడని నువ్వు చెబితే నేను కాదని ఫోను చేస్తాను, ఆ తర్వాత ఏమైతే అదవుతుంది. నువ్వూ పోల్చుకోలేకపోతే మాత్రం సోమవారం ఆయన్ని తీసుకువెళ్ళక నాకు వేరే దారి లేదు. నీకు మాటివ్వలేను.

ఇంకోటి కూడా ఉంది. అక్కడ గదుల్లో కంప్యూటరు పెట్టుకునే వీలు లేదట. హాల్లో అందరికీ కలిపి ఒకటుందట. కోలీన్‌ని కనుక్కోమన్నాను. పదిమంది వాడేది కదా, ఒకరి గుట్టు ఒకరికి తెలియకూడదని ప్రతి సాయంత్రం అంతా చెరిపేస్తారట. మంచి ఉద్దేశమే, తప్పు పట్టలేను. కానీ ఆయన పొద్దున్నే వెళ్ళి ఎం కొడితే ఎం అని ఉంటుంది. హెచ్ కొడితే హెచ్. మర్డాక్ అన్నాడే, అంతే.

అందుకని రోజూ పొద్దున ఆయన కాఫీ తాగే లోపల నేను వెళ్ళి ఆ హాల్లో కూర్చుని, గాలి, హాకీ, చావులు, నీ ఫొటోలు, రేవు, అన్నీ ఒకసారి పూర్తిగా కొట్టి తెరుస్తాను. ఒక్కసారి తెరిస్తే చాలట, ఆ పూటకు గుర్తుంటుంది. రోడ్డుమీద మంచు పడ్డ రోజున ఏం చెయ్యాలో తెలియదు. కారు నడపలేని రోజు వస్తే ఏం చెయ్యాలో అసలే తెలియదు. నిన్న రాత్రి నుంచీ అడ్రసులు బట్టీ పడుతున్నాను, ఈ వయసులో, చుక్కలూ గీతలూ సహా. గిన్నెలు తోముతూ పైకే వల్లిస్తున్నాను. మధ్యలో నేను ఆగిపోతే ఆయన కుర్చీలోంచి వెనక్కి తిరిగి, తర్వాతదేమిటో చెప్పలేక, నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా "సరే... సరే..." అంటూ చేత్తో బల్లమీద తాళం వేస్తున్నాడు.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే
నీ వదిన
వెర్నా